అగ్గిపుల్లల ఆటకు టీకా తాత్పర్యములు

ఆ. ఎన్నియైన దీయు మేదేని గుట్టలో
ఒక్కటైన దీయకుండరాదు
రెంట చేయి వెట్ట రీతి గాదందురు
చివర దీయువాడె జేత యగును

అవతారిక: నిమ్ అను ఆటకు నియమములు చెప్పు పద్యమిది.

ప్రతిపదార్థము: ఏదేని గుట్టలోన్ = బల్లమీది గుట్టలలో నచ్చినదానినుండి; ఎన్నియైనన్ = ఒక పుల్ల మొదలు గుట్ట మొత్తము వరకు; తీయుము = తీసివేయుము; ఒక్కటైనన్ తీయక ఉండరాదు = “ఈసారికి నన్ను వదిలెయ్యండి” అనుట చెల్లదు; రెంటన్ = ఒకే వంతులో రెండు గుట్టలయందు; చేయి పెట్టన్ = చేయి పెట్టుట; రీతి కాదు అందురు = పద్ధతి కాదందురు; చివరన్ తీయువాడె = కడపటి పుల్ల ఎత్తినవాడే; జేత అగును = గెలిచినవాడగును.

తాత్పర్యము: ఇద్దరు వంతులవారీగా ఒక్కొక్క గుట్టనుండి పుల్లలు తీయుదురు. ఆఖరి పుల్ల ఎవరిదో గెలుపు వారిది.

విశేషములు:

1. “ఏదేని” అన్నది నిజము, “ఎన్నియైన” అన్నది వల. 1901లో హార్వర్డు గణితాచార్యుడు చార్లెస్ బూటన్ ఈ ఆటకు పూర్తి సిద్ధాంతము ప్రకటించెను. ఇద్దరూ తప్పు చేయనిచో పుల్ల కదలకముందే ఫలితము తేలియున్నదని దాని సారము. 3, 5, 7 గుట్టలు చూడుము. 3 అనగా 2+1. 5 అనగా 4+1. 7 అనగా 4+2+1. నాలుగులు రెండు, రెండులు రెండు. ఒకట్లు మాత్రము మూడు. కనుక మొదటివాడు ఏ గుట్టనుండియైనను ఒక్క పుల్లయే తీయవలెను. అప్పుడన్నియు జోడీలే. ఎదుటివాడు దేనిని ముట్టినను జోడీ చెడును. మనము మరల కూర్చుదుము. ఇట్లు కూర్చుకొనుచు పోగా కడపటి పుల్ల మన చేతికే వచ్చును. రెండు తీసినవాని స్వేచ్ఛ మాత్రము ఓటమికి దారి.

2. ఇంతటి ఎత్తుగడకు మహాబుద్ధి కావలెను గదా యని శంక. అక్కరలేదు. 1951లో ఫెరాంటీ కంపెనీ చేసిన నిమ్‌రాడ్ అను యంత్రము లండనులో జనముతో ఈ ఆటే ఆడెను. పిమ్మట బెర్లినుకు పోయి పశ్చిమ జర్మనీ ఆర్థికమంత్రి లుడ్విగ్ ఎర్హార్డును ఓడించెను. దేశపు లెక్కలు వేరు, పుల్లల లెక్కలు వేరు.

3. నాల్గవ పాదమునకు “చివర దీయువాడె చిత్తు సుమ్ము” అని పాఠాంతరము. అలెన్ రెనే తీసిన ఫ్రెంచి చిత్రము ‘లాస్ట్ ఇయర్ ఎట్ మారియన్‌బాడ్’ (1961) ఈ పాఠమునే గ్రహించినది. ఇందును జోడీల సూత్రమే నడచును. అన్నియు ఒంటిపుల్ల గుట్టలే మిగులు తరుణమున మాత్రము బేసిసంఖ్యలో గుట్టలు విడువవలెను. ఆ చిత్రములోని గుట్టలు 1, 3, 5, 7. నాలుగులు రెండు, రెండులు రెండు, ఒకట్లు నాలుగు; అనగా జోడీలు ముందే కుదిరియున్నవి, మొదలుపెట్టినవాడు వాటిని చెడగొట్టక తప్పదు.

అలంకారము: ఇట్టి గుట్టలు పేర్చి, కుర్చీ జరిపి, “ముందు తమరే కానివ్వండి” అనువాని మర్యాద వ్యాజస్తుతి. బుద్ధిమంతుడు దానికి పొంగిపోక, లోలోన జోడీలు లెక్కపెట్టుకొని, “అబ్బే, పెద్దవారు, మీ తరువాతే మేము” అనవలెను. ఇద్దరూ ఈ టీక చదివినవారైనచో ఆట ఇంతటితో ఆగి, మర్యాదలు తెల్లవారుదాక సాగును.