వూఫర్ పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.
వూఫ రొకటి కొంటె వోములు లెక్కించు
వరుస గట్టి చూడు వైరు కొసలు
పక్క పక్క నున్న భారంబు సగమగు
యాంపు కాలు సుమ్మ యంతలోనె

అవతారిక: కవి పేరు దొరకలేదు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీ తెలుగువాడని మాత్రం నిశ్చయం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కొలువుల కోసం శ్రీకాకుళం, విజయనగరాల నుంచి జనం ఇటు తరలివచ్చారు. 1931లో రాయపూర్–విజయనగరం లైను పూర్తయ్యాక రాకపోకలు మరీ సుళువయ్యాయి. ఈ కవి ఆ వచ్చినవాళ్ల మనవడో మునిమనవడో అయివుంటాడు. కారు సెకండ్‌హ్యాండుదనీ, డిక్కీలో స్టెప్నీకి చోటు మిగల్లేదనీ పూర్వవ్యాఖ్యాతలు చెబుతారు. పద్యంలో ఆధారం లేకపోయినా కాదనబుద్ధి కాదు.

ప్రతిపదార్థం: వూఫరు ఒకటి కొంటె = డబుల్ కాయిల్ గల లావుపాటి స్పీకరును బుధ్వారీ బజారు చుట్టుపక్కల బేరమాడి తెచ్చుకున్నచో; వోములు లెక్కించు = అట్టపెట్టె మీద అచ్చువేసిన వేల వాట్లను చూసి మురియక, నిరోధమెంతో చూడుము; వరుస గట్టి చూడు వైరు కొసలు = ఒక కాయిల్ మైనస్సును రెండో దాని ప్లస్సుకు కలిపి, అనగా సిరీస్‌లో, ముందు ఆలోచింపుము; పక్కపక్క నున్న = ప్లస్సులన్నీ ఒకచోట, మైనస్సులన్నీ ఒకచోట చేర్చినచో; భారంబు సగమగు = నాలుగు వోములు రెండగును; యాంపు కాలు సుమ్మ = వివరణ అనవసరం, వాసనే చెప్పును.

అన్వయం: సుగమం.

శంక: భారం సగమైతే మోసేవాడికి సుఖం కావాలి గదా, కాలడమేమిటి? పద్యానికి ప్రాణం ఇక్కడే ఉంది.

సమాధానం: ఇక్కడ భారమంటే మోత కాదు, అడ్డు. గేటు పెద్దది చేస్తే జనం ఎక్కువగా తోసుకొస్తారు, నలిగేది గేటుకీపరు. యాంపు ఇరవై వోల్టులు ఇస్తోందనుకోండి. నాలుగు వోముల మీద అయిదు ఆంపియర్లు పారి వంద వాట్లు వస్తాయి. రెండు వోములైతే పది ఆంపియర్లు, రెండు వందల వాట్లు. ఒక్క వోముకు దించితే ఇరవై ఆంపియర్లు, నాలుగు వందలు. కొట్టువాడు చెప్పేది ఇంతవరకే. ఆ కరెంటంతా యాంపు లోపలి ట్రాన్సిస్టర్ల గుండా పోవాలనీ, రెండు వోముల దాకానే ఓర్చుకునే యాంపుకి ఒక వోము తగిలిస్తే ఎర్రదీపం వెలిగి పాట ఆగుతుందనీ, ఆ రక్షణ కూడా పనిచెయ్యకపోతే పొగ వస్తుందనీ చెప్పడు. పైగా వాట్లు రెట్టింపైతే చెవికి అందేది మూడు డెసిబెల్సే. రెట్టింపు మోత అనిపించాలంటే పది రెట్ల వాట్లు కావాలి.

అందుచేత ఎంపిక యాంపు దగ్గర మొదలవ్వాలి. అది ఎన్ని వోముల దాకా దిగగలదో చూసుకున్నాకే వూఫరు కొనాలి. మన కుర్రాళ్లు తిరగేస్తారు. రెండు వోముల యాంపు ఉంది; నాలుగు వోముల డబుల్ కాయిల్ వూఫర్లు జంటగా వస్తున్నాయని తెచ్చేస్తారు. నాలుగు కాయిళ్లనూ సమంగా వాడుతూ ఎలా కలిపినా వచ్చేవి ఒకటి, నాలుగు, పదహారు. రెండు రాదు. రెండేసి వోముల కాయిళ్లవి తెచ్చివుంటే ప్రతి వూఫరు కాయిళ్లనూ సిరీస్ చేసి, ఆ రెంటినీ పారలల్‌లో పెడితే సరిగ్గా రెండు వచ్చేది. బ్రిడ్జి చేసిన రెండు ఛానెళ్ల యాంపుకి ఇంకో మెలిక ఉంది: నాలుగు వోములు తగిలించినా ఒక్కో ఛానెల్‌కి కనిపించేది రెండే.

పూర్వపక్షం: ఇక్కడ రిటైరైన లోకో ఫిట్టరు మావయ్య అడ్డుతగులుతాడు. "డబ్ల్యూడీఎం-2 ఇంజినుకి ఆరు మోటార్లురా. బయల్దేరేటప్పుడు రెండేసి సిరీస్‌లో, అలాటివి మూడు జట్లు పారలల్‌లో. స్పీడందుకున్నాక ఆరూ పారలల్. రెండు పద్ధతులూ మంచివే."

సిద్ధాంతం: నిజమే. కానీ ఆయనే వెంటనే, "ఇంజిను నడుస్తూ మార్చుకుంటాది అల్లుడూ, నీ డబ్బా మార్చుకోదు" అని తన వాదం తానే కొట్టేసుకున్నాడు. కారులో ఒకసారి బిగించిందే బిగింపు.

ఎర్తు సంగతీ ఈ ఊరివాళ్లకు విడమర్చక్కర్లేదు. ఇరవై అయిదు వేల వోల్టుల తీగ పైన ఒక్కటే. కరెంటుకు తిరుగుదారి పట్టాలే. కారులో ఆ పని బాడీ రేకుది. రంగు గీకి, మెరిసే ఇనుము మీద బోల్టు బిగించాలి. రంగు మీదే బిగించి పాట మధ్యలో కూత వస్తోందని స్టీరియోను తిట్టేవాళ్లున్నారు. ఫ్యూజు బ్యాటరీకి మూరెడు లోపల ఉండాలి. యాంపు పక్కన పెట్టినది యాంపునే కాస్తుంది. దారిలో వైరు ఒరుసుకుని రేకుకి తగిలితే కారును కాయదు.

తాత్పర్యం: వూఫరు కొనేవాడు ముందుగా యాంపు ఓర్పు తెలుసుకుని, వోముల లెక్క కుదిరాకే వైర్లు కలపాలి. ఎంత గట్టిగా మోగించాలో కవి చెప్పలేదు. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు చెప్పాయి: ఇళ్లున్నచోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. వాహనాల మీద డీజే డబ్బాలు పేర్చి ఊరేగేవారిని పలుమార్లు మందలించిన ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఉన్నదీ బిలాస్‌పూర్‌లోనే. కనుక ఒక్క వోము కోసం ప్రాకులాడటం ఈ ఊళ్లో రెండిందాలా దండగ.

విశేషం: రెండు వూఫర్లలో ఒకదాని ప్లస్సూ మైనస్సూ తారుమారైతే ఒకటి ముందుకు తోస్తుంది, ఒకటి వెనక్కి లాగుతుంది, బేసు మాయమౌతుంది. ఒకదాని వైర్లు తిరగేసి వింటే ఏది సరైనదో తెలుస్తుంది. నంబరు ప్లేటు దడదడ గురించి మూలంలో ఏమీ లేదు. రబ్బరు వాషర్లు వెయ్యమని టీకాకారుడి అభిప్రాయం.