హాజరు లేని చదువు, మనిషి లేని కొట్టు

ఇంటర్ ఫలితాలు వచ్చిన సాయంత్రమే ఫోన్లు మొదలవుతాయి. మీ అమ్మాయి మార్కులు మీకంటే ముందు వాళ్ళకు తెలుసు. నంబరు ఎలా దొరికిందని అడక్కండి. ఎవరో ఒకరు అమ్మి ఉంటారు. మన పిల్లల ఫోన్ నంబర్లకున్న గిరాకీ మన పిల్లలకు లేదు.

"సార్, నీట్‌లో సీటు వచ్చేలా లేదా? బాధపడకండి. డీఫార్మసీ చేయించండి. రెండే రెండేళ్ళు. రోజూ రానక్కర్లేదు, పరీక్షలకొస్తే చాలు. మిగతాది మేం చూసుకుంటాం."

మిగతాది అంటే ఏమిటండీ? పాఠాలు, ప్రాక్టికల్స్, రికార్డులు, హాజరు, ఆస్పత్రిలో శిక్షణ. ఇవన్నీ వాళ్ళు చూసుకుంటారట. మరి మీ అమ్మాయి ఏం చూసుకోవాలి? ఫీజు రసీదు.

ఈ సరుకుకు బజార్లో పేరు కూడా ఉంది. నాన్ అటెండింగ్. రాకుండా చదవడం. దానికి ఫీజు కాస్త ఎక్కువ. న్యాయమే కదా! రాని మనిషిని వచ్చినట్టు రెండేళ్ళపాటు చూపించాలంటే మాటలా? ఎంత మంది ఎన్ని సంతకాలు పెట్టాలి!

తొందరపడి చదవడం నేరమేమీ కాదు. అమెరికా వాళ్ళకూ తొందరే. అక్కడ ఫార్మ్‌డీ, అంటే డాక్టర్ ఆఫ్ ఫార్మసీ, మామూలుగా నాలుగేళ్ళ వృత్తి విద్య. అంతకు ముందు కనీసం రెండేళ్ళ కాలేజీ చదువు ఉండాలి. ఆ నాలుగేళ్ళను కొన్ని చోట్ల మూడేళ్ళకు కుదించారు. కాలిఫోర్నియాలో స్టాక్టన్ ఊళ్ళో ఉన్న యూనివర్సిటీ ఆఫ్ ది పసిఫిక్ ఆ పని ఎప్పుడో మొదలుపెట్టింది. ఎలా కుదించారు? వేసవి సెలవులు ఎత్తేశారు. ఏడాది పొడవునా క్లాసులే. పిల్లలకు ఊపిరాడదు, ఫీజు వింటే తండ్రికి ఊపిరాడదు. కానీ ఒక్క ఏర్పాటు ఉంది. మీ దగ్గర చదివినవాళ్ళలో లైసెన్సు పరీక్ష ఎందరు పాసయ్యారు, వేళకు ఎందరు బయటపడ్డారు అనే లెక్కను కాలేజీ అందరికీ కనబడేలా పెట్టాలి. గుర్తింపు ఇచ్చే సంస్థ షరతు అది.

మనమూ కుదించాం. సెలవులు అలాగే ఉంచి క్లాసులు ఎత్తేశాం.

లెక్క పెట్టడం మనకూ వచ్చు. ఫ్లెక్సీ మీద ముగ్గురు పిల్లల ఫొటోలు, వాళ్ళ పక్కన జీతాలు, అందరికంటే పెద్దగా చైర్మన్‌గారి ఫొటో. ఆ ముగ్గురితో పాటు చేరిన మిగతా పిల్లలు ఎక్కడున్నారు? అడిగి చూడండి. టీ తెప్పిస్తారు.

కాగితం మీద నిబంధనలు చూస్తే మాత్రం కళ్ళు చెమర్చాల్సిందే. డీఫార్మసీకి 75 శాతం హాజరు తప్పనిసరి. చదువు అయ్యాక 500 గంటల ప్రాక్టికల్ ట్రైనింగ్. మూడు నెలలకు తగ్గకూడదు. అందులో కనీసం 250 గంటలు డాక్టరు చీటీ చూసి మందులిచ్చే పనే చేయాలి. ఎంత బాగుంది! ఇప్పుడు జరిగేది చూడండి. పిల్లవాడు ఫారం పట్టుకుని తెలిసిన మెడికల్ షాపుకు వెళ్తాడు. ఓనరు కళ్ళజోడు పెట్టుకుని అడుగుతాడు: "ఎక్కడ సంతకం?" పావుగంటలో 500 గంటలు పూర్తి. ఇంతకంటే వేగవంతమైన కోర్సు ప్రపంచంలో ఎక్కడైనా ఉందా?

ఇందులో అసలు చమత్కారం వేరే ఉంది. ఆ షాపులో కూడా ఫార్మసిస్టు ఉండడు. గోడకు అతని సర్టిఫికెట్ ఉంటుంది. మనిషి గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంటాడు, లేదా డాలస్‌లో ఉంటాడు. నెలనెలా సర్టిఫికెట్ అద్దె అతని ఖాతాలో పడుతుంది. అంటే రాని విద్యార్థికి లేని ఫార్మసిస్టు శిక్షణ ఇచ్చినట్టు ధ్రువపత్రం. ఆ ధ్రువపత్రంతో వీడు రిజిస్ట్రేషన్ చేయించుకుంటాడు. తర్వాత వీడి సర్టిఫికెట్ ఇంకో గోడ ఎక్కుతుంది. వీడు ఇంకో పని చూసుకుంటాడు. ఇందులో ఎక్కడైనా, ఎవరైనా, ఒక్కసారైనా మందును ముట్టుకున్నారా?

తనిఖీలు లేవా అంటారు. ఎందుకు లేవు! ఇన్‌స్పెక్షన్ అంటే కాలేజీకి పెళ్ళి సందడి. గోడలకు సున్నం పడుతుంది. తాళం వేసిన ల్యాబ్ తెరుచుకుంటుంది. ఔషధ మొక్కల తోట ఉండాలి కాబట్టి నర్సరీ నుంచి కుండీలు దిగుతాయి. కలబంద, తులసి, అశ్వగంధ అని పేర్లు రాసిన రేకులు గుచ్చుతారు. ఏ రేకు ఏ కుండీలో గుచ్చారన్నది వేరే సంగతి. ఆ వారం స్టాఫ్ రూము నిండా ఎంఫార్మసీ చదివిన ముఖాలు. ఎప్పుడూ చూడని మాస్టర్లకు పిల్లలు నమస్కారాలు పెడతారు. పరీక్షలో పెట్టాల్సిన ప్రశ్న అదేనేమో: మీ ఫార్మకాలజీ మాస్టరును గుర్తుపట్టండి.

అన్ని కాలేజీలూ ఇంతేనని అనను. జీతం ఆరు నెలలు ఆగినా పాఠం ఆపని మాస్టర్లున్నారు. సాయంత్రం ఏడింటిదాకా ల్యాబ్‌లో నిలబడే పిల్లలున్నారు. ఈ ఆటలో అందరికంటే ఎక్కువ నష్టపోయేది వాళ్ళే. నిజంగా చదివినవాడి సర్టిఫికెట్, చదవనివాడి సర్టిఫికెట్ ఒకే సైజు, ఒకే రంగు.

ఇక ఢిల్లీలో కూర్చున్న ఫార్మసీ కౌన్సిల్ సంగతి. 2019లో దానికి హఠాత్తుగా మెలకువ వచ్చింది. కాలేజీలు మరీ ఎక్కువైపోయాయి, ఐదేళ్ళపాటు కొత్తవి వద్దు అని తీర్మానం చేసింది. అన్నాళ్ళూ వాటికి అనుమతులిచ్చింది ఎవరు? పక్కింటివాళ్ళా? యాజమాన్యాలు కోర్టులకెక్కాయి. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చేసింది: విద్యాసంస్థ పెట్టుకునే హక్కును చట్టంతో అదుపు చేయొచ్చు గాని, ఉత్తి తీర్మానంతో కాదు అని. తీర్మానం రాసేముందు బార్ అసోసియేషన్ క్యాంటీన్‌లో ఏ జూనియర్ వకీలును అడిగినా ఈ ముక్క చెప్పేవాడు.

అదే 2022లో ఇంకో నిబంధన వచ్చింది. డీఫార్మసీ పాసైనవాళ్ళు రిజిస్ట్రేషన్‌కు ముందు మళ్ళీ ఎగ్జిట్ పరీక్ష రాయాలట. మూడు పేపర్లు. కాలేజీని గుర్తించింది కౌన్సిల్. సిలబస్ ఇచ్చింది కౌన్సిల్. ఆ కాలేజీలో, ఆ సిలబస్ చదివి, పాసై వచ్చినవాడిని నమ్మనిది కూడా కౌన్సిలే. తాను వండిన కూరను ముందు పిల్లికి పెట్టి చూసుకునే వంటవాడి చేతి భోజనం ఎలా ఉంటుంది? 2025లో అయితే ఆ కౌన్సిల్ అధ్యక్షుడి మీదే సీబీఐ కేసు పెట్టింది. కాలేజీల అనుమతుల్లో అక్రమాలన్నది ఆరోపణ. ఆరోపణే, కోర్టులో తేలాలి. కానీ ఆ వార్త చదివి ఆశ్చర్యపోయిన తెలుగువాడు ఒక్కడున్నాడా? ఉంటే చూపించండి, సన్మానం చేద్దాం.

రెండేళ్ళది వద్దు, పెద్ద చదువే చదివిద్దాం అనుకున్నారా? బీఫార్మసీ నాలుగేళ్ళు. ఎంట్రెన్స్ వేసవిలో రాస్తారు. ఇంజినీరింగ్ పిల్లలు మొదటి మిడ్ పరీక్షలు రాస్తున్నా ఫార్మసీ కౌన్సెలింగ్ మాత్రం అనుమతుల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. క్లాసులు మొదలయ్యేసరికి చలి మొదలవుతుంది. పోయిన నెలలను సెమిస్టర్‌లోంచి కోసేస్తారు. అడక్కుండానే వేగవంతమైన కోర్సు. ప్రభుత్వం వారి ఉచిత కానుక.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉందిగా అంటారు. ఉంది. జీవోలో ఉంది, బడ్జెట్ ప్రసంగంలో ఉంది, ఎన్నికల మేనిఫెస్టోలో అయితే బంగారు అక్షరాల్లో ఉంది. కాలేజీ ఖాతాలోనే లేదు. బకాయిలు ఇవ్వని సర్కారును యాజమాన్యం ఏమీ అనలేదు. అందుకని పిల్లను పట్టుకుంటుంది: "ఫీజు కడితేనే ఒరిజినల్స్." విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ప్రిన్సిపాల్‌గారి బీరువాకు ఆ ఉత్తర్వు ఇంకా అందినట్టు లేదు.

ఆరేళ్ళ ఫార్మ్‌డీ అయితే మరీ వినోదం. మన దగ్గర 2008లో మొదలైంది. ఆస్పత్రి వార్డుల్లో తిరిగి, డాక్టరు రాసిన మందుల్లో పొరపాట్లు పట్టుకోగల నిపుణుల్ని తయారుచేసే చదువు. ఆలోచన బంగారం. పేరు ముందు డాక్టర్ అని పెట్టుకుంటారు. చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. స్టైపెండ్ అడిగితే నవ్వుతారు. సరే, బయటికొచ్చాక? 2024లో తెలంగాణ ప్రభుత్వం 633 ఫార్మసిస్ట్ గ్రేడ్ టూ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. రెండేళ్ళ డీఫార్మసీ, నాలుగేళ్ళ బీఫార్మసీ, ఆరేళ్ళ ఫార్మ్‌డీ, ముగ్గురూ ఒకే వరసలో నిలబడ్డారు. ఆరేళ్ళు చదివిన పిల్ల పక్కనే రెండేళ్ళు కాలేజీకే వెళ్ళని కుర్రాడు. ఎవరు తెలివైనవాళ్ళు? సిగ్గు లేకుండా చెప్పండి.

ఇంకా తీరని ఆశ ఉంటే ఫ్లెక్సీలో విమానం బొమ్మ ఉంటుంది. 'బీఫార్మసీతో అమెరికా'. వెళ్ళొచ్చు, మాస్టర్స్ చదవొచ్చు, అప్పు చేయొచ్చు. ఫార్మసిస్టుగా మాత్రం నిలబడలేరు. 2003 జనవరి 1 నుంచి పట్టా పొందిన విదేశీయులకు అక్కడ కనీసం ఐదేళ్ళ ఫార్మసీ చదువు ఉండాలి. మన బీఫార్మసీ నాలుగే. ఇరవయ్యేళ్ళు దాటిన నిబంధన ఇది. విమానం బొమ్మ గీయించినవాళ్ళకు తెలియదా? తెలుసు. మీకు తెలియదని కూడా తెలుసు.

హైదరాబాదేమో బల్క్ డ్రగ్స్ రాజధాని. ఏ పార్టీ మంత్రి మైకు పట్టుకున్నా ఆ మాటే. సగం ప్రపంచానికి మందులు చేసి పంపే ఊరికి, గల్లీ కొట్లో మందు చేతికిచ్చి 'ఇది అన్నం తిన్నాక వేసుకోమ్మా' అని చెప్పే చదువుకున్న మనిషి దొరకడు.

ఇందులో నవ్వులాట ఎంతవరకో చెప్తాను. 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఒక ఆదేశమిచ్చింది. జలుబుకు వాడే క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ జోడీ మందును నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడొద్దని సీసా మీద రాయాలని. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో ఆ జోడీ ఉన్న కోల్డ్రిఫ్ అనే దగ్గు మందు తాగి ఇరవై మందికి పైగా పసిపిల్లలు చనిపోయారు. మూత్రపిండాలు పాడైపోయి. ఆ సిరప్‌లో 48.6 శాతం డైఇథిలిన్ గ్లైకాల్ ఉందని తమిళనాడు ల్యాబ్ తేల్చింది. ఆ విషాన్ని ఏ ఫార్మసిస్టూ కంటితో చూసి పట్టలేడు, ఒప్పుకుంటాను. అది ఫ్యాక్టరీ పాపం, దాన్ని చూడాల్సిన డ్రగ్ ఇన్‌స్పెక్టర్ పాపం. కానీ 'బాబుకు ఎన్నేళ్ళమ్మా? ఈ జోడీ మందు ఇంత చిన్నపిల్లలకు వద్దంటున్నారు, డాక్టరును ఒకసారి అడగండి' అనే మాట ఉంది చూశారూ, ఆ మాట అనడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషిని తయారుచేయడానికే ఈ కాలేజీలన్నీ పెట్టుకున్నాం.

కొట్ల యజమానుల సంఘానికీ మహా ఆవేదన ఉంది. ఆన్‌లైన్‌లో మందులు అమ్మేస్తున్నారు, ఫార్మసిస్టు పర్యవేక్షణ లేదు, రోగుల ప్రాణాలకు ముప్పు అంటూ 2018 సెప్టెంబరులో దేశవ్యాప్తంగా షట్టర్లు దించారు. నిజమే, పది నిమిషాల్లో బైకు మీద వచ్చే యాంటీబయాటిక్‌ను ఎవరు పర్యవేక్షిస్తారు? కానీ స్వామీ, మీ షట్టరు వెనకాల ఎవరున్నారు? ఇంటర్ ఫెయిలైన మేనల్లుడేగా?

అయినా చేర్పించాలనే ఉందా? సరే. ఫ్లెక్సీ చూడకండి, కాలేజీ చూడండి. చెప్పకుండా వెళ్ళండి, మంగళవారం మధ్యాహ్నం వెళ్ళండి. ల్యాబ్‌లో మనుషులున్నారా? సీసాల మీద దుమ్ము ఎంత మందాన ఉంది? చివరి ఏడాది పిల్లలను గేటు బయట పట్టుకుని మాట్లాడండి. ఏ ఆస్పత్రికి పంపుతారో, అక్కడ వీళ్ళ చేత ఏం చేయిస్తారో అడగండి. 'పరీక్షలకొస్తే చాలు' అన్న మాట ఒక్కసారి వినబడినా లేచి వచ్చేయండి. లేచి రారని నాకు తెలుసు. ఆ మాట విన్నాకే మనలో చాలామంది కుర్చీ ముందుకు జరుపుకుంటాం. ఎంత తగ్గిస్తారు అని అడుగుతాం. ఈ దుకాణం నడిచేది చైర్మన్ల వల్లనే అనుకుంటున్నారా?

1948 ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం రిజిస్టరైన ఫార్మసిస్టు తప్ప ఇంకెవరూ డాక్టరు చీటీ మీద మందు ఇవ్వకూడదు. 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు ఇంకో అడుగు వేశాయి: ఆ ఫార్మసిస్టు మందు పేరు, మోతాదు, దుష్ఫలితాలు, ఏ మందుతో ఏది పడదో రోగికి విడమరిచి చెప్పాలి. ఈసారి మందులకు వెళ్ళినప్పుడు కౌంటరు దగ్గర కుర్రాణ్ణి అడగండి, ఫార్మసిస్టుగారు ఏరీ అని. రాత్రి పదయినా, పొద్దున ఏడయినా జవాబు ఒక్కటే. భోజనానికి వెళ్ళారు. 2015 నుంచి తింటూనే ఉన్నారు.