కటోరా తాలాబ్ రాయబార కార్యాలయం

పిల్లల డాక్టరు బినాయక్ సేన్ బెయిలు వాదనలు వినడానికి బిలాస్‌పూర్ హైకోర్టుకు బయల్దేరిన యూరోపియన్ యూనియన్ దౌత్యవేత్తలకు 2011 జనవరిలో రాయ్‌పూర్ విమానాశ్రయంలో నల్లజెండాల స్వాగతం దక్కింది. మన గొడవలో పరాయివాళ్ల పెత్తనమేమిటని అభ్యంతరం. నిజమే మరి! తలుపులు తీసి ఉన్న కోర్టులో కూర్చుని చెవులొగ్గడం కంటే ఘోరమైన జోక్యం ఇంకేముంటుంది?

అతిథుల్ని తిట్టండి గానీ, వాళ్లకు అండగా ఉన్న 1961 నాటి వియన్నా ఒప్పందాన్ని మాత్రం రాయ్‌పూర్ పౌరులు ఒకసారి చదవాలి. 1972లో మన పార్లమెంటే దానికోసం చట్టం చేసింది. దాని ప్రకారం దౌత్యవేత్తను అరెస్టు చేయకూడదు. ఇల్లు సోదా చేయకూడదు. కాగితాలు ముట్టకూడదు. దౌత్య సంచీ విప్పకూడదు, అది మోసే మనిషిని పట్టుకోకూడదు.

డాక్టరు గారు ఇక్కడే దెబ్బతిన్నారు. వెల్లూరులో పిల్లల వైద్యం చదివి దల్లీ రాజహరా గని కార్మికులకు సేవ చేసే బదులు, రాయ్‌పూర్ కటోరా తాలాబ్‌లో తన ఇంటి ముందు ఏదో ఒక దేశం జెండా పాతుకోవాల్సింది. జైల్లో ఉన్న మావోయిస్టు నేత నారాయణ్ సన్యాల్‌ను అధికారుల అనుమతితోనే 33 సార్లు కలిశారు. ఉత్తరాలు బయటికి మోశారని అభియోగం. జెండా ఉంటే అదే పనికి దౌత్య కొరియర్ అని హోదా! ఇంట్లో దొరికిన కాగితాలన్నీ అంటరాని దస్తావేజులయ్యేవి. 2010 డిసెంబరు 24న రాజద్రోహమని పడిన యావజ్జీవం బదులు, 'తమరు దయచేయండి' అని ఒక విమానం టికెట్టు చేతిలో పెట్టేవారు.

ఈ సౌకర్యం డాక్టరుకే ఎందుకు? రాయ్‌పూర్ రైల్వే కాలనీలో మన తెలుగువాళ్లు ఇంటికొక ఎంబసీ తెరవొచ్చు. పండ్రీ బజారులో చీరల కొట్టు కాన్సులేటు కావచ్చు. బస్తర్ అడవుల్లోని అబూజ్‌మాడ్‌లో గుడిసెకొక జెండా ఎగరేసి ఉంటే మరీ మేలయ్యేది. ప్రభుత్వ అండతో మావోయిస్టుల మీదికి లేచిన సల్వాజుడుం దండు వచ్చినా వాకిట్లో ఆగి, లోపల అంబలి కాచుకుంటున్న రాయబారిణి గారి అనుమతి తీసుకోవాల్సి వచ్చేది. పెరట్లో కోడి కూడా మిషన్ ఆస్తే.

అయినా ఛత్తీస్‌గఢ్‌లో రక్షణకేం కొదవ? విధి నిర్వహణ అని చెబితే చాలు, అధికారిని కోర్టుకీడ్చడానికి అప్పటి నేర విచారణ స్మృతి 197వ సెక్షన్ కింద ప్రభుత్వమే అనుమతివ్వాల్సి ఉండేది. 2005 నుంచి దంతెవాడలో ఊళ్లకు ఊళ్లు తగలబడ్డాయి. పారిపోయి ఖమ్మం అడవులకు చేరిన ఆదివాసీల గుడిసెల్ని అక్కడ అటవీ శాఖ పీకేసింది. ఇది ఎవరి ఇంటి గొడవ? దీని మీద మనవాళ్ల పెత్తనమైనా ఏదీ? డాక్టరు కోసం యూరప్ దౌత్యవేత్తలు వచ్చారు. బస్తర్ జైళ్లలో మావోయిస్టు ముద్రతో మగ్గుతున్న కుర్రాళ్ల వాయిదాలకు పక్క వీధివాడూ పోడు. జడ్జి హిందీలో ఏమడిగారో గోండి తప్ప మరో భాష రాని ఆ పిల్లాడికి చెప్పే దుబాసీ చాలాసార్లు ఉండడు. ఏళ్లు గడిచాక సాక్ష్యం చాలలేదని వదిలేస్తే, పోయిన ఆ ఏళ్లకు ఎవరిని నిలదీయాలి? అడగబోతే అక్కడా ప్రభుత్వ అనుమతే అడ్డం.