రోహిణి కార్తెలోనే ఓవెన్ వెలిగించండి

ఎండాకాలంలో పొయ్యి దగ్గర ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిదని మన ఇళ్లలో అందరూ చెప్పే మాట. పొద్దున్నే వంట ముగించాలి, మధ్యాహ్నం మజ్జిగన్నంతో సరిపెట్టుకోవాలి, వానలు పడేదాకా ఓవెన్ జోలికి పోకూడదు. నేను దీనికి సరిగ్గా ఎదురు చెబుతున్నాను. బేకింగ్ నేర్చుకోవాలని ఉంటే మే నెలలోనే మొదలుపెట్టండి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలోనే ఓవెన్ వెలిగించండి. ఇల్లు వేడెక్కుతుందా? వేడెక్కుతుంది. అందుకే సాయంత్రం ఇంట్లో ఉండొద్దు, రాత్రికి వంటా పెట్టుకోవద్దు. స్నేహితుల్ని పోగేసుకుని బయటికెళ్లి తినండి. పగలు ఇంట్లో కాల్చడం, సాయంత్రం బయట తినడం జంటగా సాగాల్సిన పనులు. రెంటికీ ఎండాకాలాన్ని మించిన రోజులు లేవు.

ముందు బ్రెడ్డు సంగతి. పిండి పొంగడానికి ఈస్టుకు వెచ్చదనం కావాలి. డిసెంబరులో హైదరాబాదులో పిండి కలిపి పెడితే రెండు మూడు గంటలు దాని ముఖం చూస్తూ కూర్చోవాలి. అదే మే నెలలో వంటగది గట్టు మీద తడిగుడ్డ కప్పి వదిలేస్తే గంట తిరక్కుండానే రెండింతలవుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? పొంగలేదన్న దిగులుండదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఇంకోసారి చేసి చూసుకోవచ్చు. చెయ్యి త్వరగా తిరుగుతుంది.

వంటల పుస్తకాలు చాలావరకు గోరువెచ్చని నీళ్లు పొయ్యమంటాయి. మే నెలలో ఆ మాట వినకండి. మిద్దె మీద ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టనివ్వవు. ఫ్రిజ్జులో నీళ్లు తీసుకోండి, రెండు ఐసుముక్కలు పడినా నష్టం లేదు. 500 గ్రాముల మైదాకు 10 గ్రాముల ఉప్పు, 300 మిల్లీలీటర్లకు కాస్త పైన చల్లటి నీళ్లు, మామూలుగా 6 గ్రాములు వేసే ఇన్‌స్టంట్ ఈస్టు 3 గ్రాములు. బేకరీల్లోనూ ఎండాకాలం పిండిలోకి ఐసునీళ్లు వాడతారు. పిండి మరీ తొందరపడి పొంగితే పుల్లటి వాసన కొడుతుంది, ఓవెన్లోకి వెళ్లాక కుంగిపోతుంది. గడియారాన్ని పక్కనబెట్టి పిండినే చూడండి. తడివేలితో నొక్కితే గుంట మెల్లగా సగం దాకా పైకి రావాలి. టక్కున పూడితే ఇంకాస్త ఆగాలి. అసలు పూడకపోతే ఆలస్యమైపోయినట్టే. అప్పుడు బ్రెడ్డు ఆశ వదిలేసి, పిండిని పళ్లెంలో పలచగా పరిచి, నూనె రాసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర చల్లి కాల్చేయండి. సాయంత్రం టీలోకి దివ్యంగా ఉంటుంది.

కేకు కోసం ఓవెన్ కొనేదాకా ఆగక్కర్లేదు. ప్రెషర్ కుక్కర్ మూత లోపలి రబ్బరు, పైన విజిల్ రెండూ తీసేసి, అడుగున ఉప్పు మందంగా పరిచి, దాని మీద చిన్న స్టాండు పెట్టి పది నిమిషాలు వేడి చేయండి. తర్వాత కేకు గిన్నె దింపి సన్నసెగ మీద 40, 45 నిమిషాలు ఉంచితే చాలు. నీళ్లు మాత్రం పోయొద్దు.

అయితే కేకు మీద క్రీము పూసే సరదా ఈ రెండు నెలలు కట్టిపెట్టండి. వెన్న 32, 35 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. మే నెల మధ్యాహ్నం మన హాల్లోనే అంతకంటే వేడి ఉంటుంది. గులాబీలు దిద్దిన కేకు డబ్బాలో పెట్టుకుని ఆటోలో నాచారం నుంచి మెహదీపట్నం వెళ్తే, మూత తీసేసరికి గులాబీలుండవు. నూనె, పెరుగుతో చేసే కేకును నమ్ముకోండి. కప్పు పెరుగులో ముప్పావు కప్పు చక్కెర కరిగించి, ఒకటింబావు చెంచా బేకింగ్ పౌడరు, అరచెంచా వంటసోడా వేస్తే నిమిషంలో నురగ కడుతుంది. అప్పుడు అరకప్పు నూనె, ఒకటిన్నర కప్పుల మైదా. పెరుగులో సగం తగ్గించి ఆ మేరకు చెరుకురసం మామిడి గుజ్జు పోసి చూడండి. ఫ్రిజ్జులో పెట్టినా నూనె గడ్డకట్టదు కాబట్టి మర్నాటికీ ఈ కేకు మెత్తగానే ఉంటుంది. వెన్న కేకు ఫ్రిజ్జులో బిగుసుకుపోతుంది.

పదిమందికి పెట్టేముందు ఒకసారి చేసి చూసుకోవాలని పెద్దవాళ్లు చెబుతారు. నా సలహా ఇంకోటి. ఎప్పుడూ చెయ్యనిదే స్నేహితులు వచ్చేరోజున మొదటిసారి చేయండి. వాళ్లు వచ్చేసరికి అది ఇంకా ఓవెన్లోనే ఉండాలి. అప్పుడు అందరూ వంటగదిలోకే వస్తారు. ఒకరు అద్దంలోంచి తొంగిచూస్తారు, ఒకరు పుల్ల గుచ్చి చూద్దామంటారు, ఒకరు "ఏమే, ఈ ఎండలో దీనిముందు నిలబడ్డావా, పిచ్చా నీకు?" అని చెంగుతో విసురుతారు. అన్నీ సర్ది పళ్లేల్లో పెట్టి తెచ్చిన కేకుకు "బాగుందే" అన్న మాట వస్తుంది, అంతే. కళ్లముందు పొంగిన కేకు గురించి ఏడాది మాట్లాడుకుంటారు.

కుంగిందే అనుకోండి. తలుపు ముందే తీసినా, సోడా ఎక్కువైనా, లోపల ఉడక్కపోయినా కేకు నడిమధ్యలో కుంగుతుంది. దాచకండి, పారేయకండి. ఉడకని భాగం తీసేసి, మిగతాది చేత్తో విరిచి, గాజుగిన్నెలో వేసి, చల్లటి పాలు పోసి, పైన బంగినపల్లి ముక్కలు పరిచి గంటసేపు ఫ్రిజ్జులో ఉంచండి. కుంగని కేకు కంటే ముందు ఇదే ఖాళీ అవుతుంది.

ఇక అందరూ తప్పంటున్నా నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది. బయట ఏది అద్భుతంగా దొరుకుతుందో దాన్నే ఇంట్లో చేయండి. ఉస్మానియా బిస్కెట్టు సందు చివర దొరుకుతుంటే ఇంట్లో ఎందుకు కష్టపడటం అంటారు. అందుకే కష్టపడాలి. మైదా, వెన్న, పొడిచేసిన చక్కెర, పాలపొడి, కస్టర్డ్ పౌడరు, కాస్త యాలకుల పొడి. అన్నిటికంటే ముఖ్యంగా ఉప్పు. చక్కెర పక్కన ఆ ఉప్పు తగలకపోతే అది మామూలు బిస్కెట్టే. ముద్దను అరగంట ఫ్రిజ్జులో పెట్టకపోతే ఎండకు వెన్న కారి, బిస్కెట్లు ట్రేలో ఒకదానికొకటి అంటుకుపోతాయి. పైన పాలు రాసి 180 డిగ్రీల దగ్గర పన్నెండు, పదిహేను నిమిషాలు కాల్చండి. అంచు రంగు తిరుగుతుండగానే తీసేయాలి. ఇదంతా చేసిన సాయంత్రం ఇరానీ హోటల్లో కూర్చుని అదే బిస్కెట్టు చాయ్‌లో ముంచి తినండి. ఎంత ఉప్పు వేశారో, ఎక్కడ ఆపారో మీ నాలుక పట్టేస్తుంది. ఇంట్లో కాల్చినవాళ్లకే బయట తిండి విలువ పూర్తిగా తెలుస్తుంది. ఈ రెండు పనులూ కలిసి సాగాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

మరి ఎక్కడికెళ్లాలి? రేటింగులు చూసుకుంటూ కూర్చోకండి. ఒక్కచోట టేబుల్ బుక్ చేసుకుని అక్కడే అన్నీ తినడమూ వద్దు. నాలుగు చోట్ల తలా ఒక్క ఐటమ్ తినండి, మధ్యలో నడవండి. హైదరాబాదులోనైతే మొజంజాహీ మార్కెట్ దగ్గర మొదలుపెట్టమంటాను. 1935లో కట్టిన ఆ రాతి మార్కెట్టు గోడలు సాయంత్రానికి కూడా వేడిగానే ఉంటాయి, కానీ ఆవరణలో ఐస్‌క్రీమ్ దుకాణాల ముందు కుర్చీలుంటాయి. దగ్గర్లోనే కరాచీ బేకరీ. దేశవిభజన తర్వాత సింధు నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రమ్నానీ 1953లో పెట్టింది. ఫ్రూట్ బిస్కెట్లు పొట్లం కట్టించుకోండి. అక్కణ్నుంచి నాంపల్లి వైపు సుభాన్ బేకరీకి వెళ్తే ఉస్మానియాలు. ఓపికుంటే చార్మినార్ పక్కన నిమ్రాలో చాయ్. పాత బేకరీల్లో గాజుపెట్టె వెనక దిల్‌పసంద్ కనిపిస్తే వదలకండి. పొరలుపొరలుగా విరిగే ఆ గుండ్రటి రొట్టెలో కొబ్బరి, టుట్టీఫ్రూటీ కూరి ఉంటాయి. ముక్క నోట్లో పెట్టుకుంటే, మన చేత్తో అలాంటి పొరలు తేవడం ఎంత కష్టమో గుర్తొచ్చి దండం పెట్టాలనిపిస్తుంది. విజయవాడ వాళ్లకు సాయంత్రం పునుగుల బళ్లున్నాయి, రాజమండ్రి వాళ్లకు రోజ్‌మిల్క్ ఉంది. మీ ఊళ్లో ఏవో మీకే బాగా తెలుసు.

ఒక్క విషయంలో మాత్రం నేను అందరిమాటే చెబుతాను. పచ్చిగుడ్డుతో చేసిన మయొనీజ్ ఎండాకాలంలో ముట్టుకోవద్దు. జనం జబ్బు పడుతున్నారని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు దాన్ని నిషేధించింది. నిషేధం మాట ఎలా ఉన్నా, నలభై డిగ్రీల ఎండలో బండి మీద నిలవున్న మయొనీజ్ పిల్లల నోట్లోకి పోనివ్వకండి. పొయ్యి మీంచి అప్పుడే దిగింది తినండి.

ఇప్పుడు బిల్లు. తలా ఇంత అని పంచుకోవడం అందరికీ నచ్చిన పద్ధతి. ఫోనులో అంకె వస్తుంది, పంపేస్తారు, అక్కడితో సరి. నాకది నచ్చదు. ఒకసారికి ఒకరే కట్టండి, వచ్చేసారి ఇంకొకరు. ఎవరు ఎంత తిన్నారన్న లెక్క రాయకండి. ఒకరికి కాస్త ఎక్కువ పడుతుంది, పడనివ్వండి. లెక్క పూర్తిగా తేలకపోతేనే మళ్లీ కలవాలన్న బాకీ మిగులుతుంది.

అందరి దగ్గరా డబ్బు ఒకేలా ఉండదు కదా అంటారు. సరిగ్గా అక్కడే బేకింగ్ అక్కరకొస్తుంది. ప్రతి స్నేహబృందంలో ఒకరుంటారు: "నాకు కుదరదే, ఆ రోజు పనుంది" అనేవాళ్లు. పనేమీ ఉండదు. ఉద్యోగం పోయి ఉంటుంది, లేదా పిల్లల ఫీజులు కట్టే నెలై ఉంటుంది. ఆవిడకు ఫోన్ చేసి "డబ్బు నేను కడతాలే" అనకండి, రాదు. "ఈసారి బిల్లు మాది, కేకు నీది. నువ్వు చేయకపోతే మేమెవ్వరం కదలం" అనండి. వస్తుంది. కప్పు పెరుగు, ఒకటిన్నర కప్పుల మైదా ఖర్చుతో తలెత్తుకుని వస్తుంది. బయటికి బయల్దేరేముందు ఆ కేకు ఇంట్లోనే కోసుకుని తినండి, హోటల్లో డబ్బా విప్పితే వాళ్లు ఒప్పుకోరు.

బిల్లులో సర్వీస్ చార్జీ వేస్తే తీసేయమనండి. అది కట్టాలో వద్దో మన ఇష్టమని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. జీఎస్టీ వేరు, అది కట్టాల్సిందే. తీసేయించిన డబ్బు జేబులో వేసుకోకండి. ఆ ఎండలో మీకు పదిసార్లు చల్లటి నీళ్లు తెచ్చిపోసిన మనిషి చేతిలో నోట్లుగా పెట్టండి.

పాఠాలు వానాకాలంలో నేర్చుకోవచ్చులే అని వాయిదా వేయకండి. జూన్‌లో బళ్లు తెరిచాక ఎవరికీ తీరదు, మామిడిపళ్లూ తగ్గిపోతాయి. ఈ ఆదివారమే పిండి కలపండి. అది పొంగేలోపు అందరికీ ఫోన్లు చేయండి, కుదరదనే స్నేహితురాలికి మొదటి ఫోన్.