చక్రాల నెల్సన్లు

ఇంగ్లండులో వేసవి రాగానే ఒక కొత్త నౌకాదళం రోడ్డెక్కుతుంది. తెరచాపలకు బదులు పక్కకు లాగే పందిరి, ఫిరంగులకు బదులు వెనక వేలాడే సైకిళ్ళు, కెప్టెన్‌కు బదులు దారి చెప్పే ఫోను. పోర్ట్స్‌మత్, చాతం, బక్లర్స్ హార్డ్, హార్టిల్‌పూల్ అంటూ పాత యుద్ధనౌకలున్న రేవులు, ఒకప్పుడు ఓడలు కట్టిన ఊళ్ళు అన్నీ చుట్టడం, రాత్రిళ్ళు క్యాంపర్‌వాన్‌లోనే పడుకోవడం, ఇంటికొచ్చాక "నావికుల బతుకేమిటో మాకు తెలిసింది" అని చెప్పుకోవడం ఈ దళం ఆశయం. హోటల్లో దిగితే చరిత్ర వంటబట్టదట. ఉప్పుగాలి పీలుస్తూ, ఇరుకులో సర్దుకుంటూ పడుకుంటేనే పడుతుందట.

ఇరుకు సంగతే ముందు చూద్దాం. పోర్ట్స్‌మత్‌లో ఉన్న విక్టరీ, అంటే అడ్మిరల్ నెల్సన్ యుద్ధనౌక, 1765లో చాతంలో నీళ్ళలోకి దిగింది. 1805 అక్టోబర్ 21న ట్రఫాల్గర్ యుద్ధం నాటికి దాని మీద దాదాపు 820 మంది ఉన్నారు. మామూలు నావికుడి గుడ్డ ఉయ్యాలకు నిబంధన ప్రకారం దక్కే వెడల్పు 14 అంగుళాలు. మన పెళ్ళి పంక్తిలో విస్తరికీ విస్తరికీ ఇచ్చే చోటు ఇంతకంటే ఎక్కువ. పక్కవాడు డ్యూటీ మీద పైకెళ్తే ఇంకో 14 అంగుళాలు కలిసొచ్చేవి, అదీ నాలుగు గంటల పాటే. కింద ఫిరంగులు, పైన దూలాలు, చుట్టూ తడిబట్టల కంపు.

మన చక్రాల నెల్సన్‌కి పరుపుంది, పైకి లేచే కప్పుంది, డీజిల్ హీటరుంది, రెండు బర్నర్ల పొయ్యుంది, పాలు విరగకుండా ఫ్రిజ్జుంది. కొత్త ఫోక్స్‌వ్యాగన్ కాలిఫోర్నియా కొనాలంటే అరవై వేల పౌండ్లు దాటుతుంది. ఇంత పెట్టి కష్టాలు కొనుక్కున్నవాడు వాటి గురించి నలుగురికీ చెప్పుకోకుండా ఉండలేడు కదా. "కాళ్ళు పూర్తిగా చాపుకోవడానికి లేదండీ" అంటాడు, ట్రఫాల్గర్‌లో కాలు పోగొట్టుకున్నవాడి కంటే దీనంగా.

ఓడ గురించి అడిగి చూడండి. పార్కింగ్ గురించి చెబుతాడు. ఏ కార్‌పార్కులో ఎత్తు తగిలే అడ్డుకమ్మీ ఉంది, ఏ క్యాంప్‌సైట్‌లో కరెంటు తీగ అందుతుంది, వాడిన నీళ్ళు ఎక్కడ పారబోయాలి, మరుగుదొడ్డి డబ్బా ఎక్కడ ఖాళీ చేయాలి, అందులో పోసే నీలం మందు ఎక్కడ చవక... ఇవన్నీ కంఠతా. మేరీ రోజ్ అనగానే మాత్రం "లోపల చీకటండీ, ఫోటోలు సరిగ్గా రాలేదు" అంటాడు. ఆ చీకట్లో ఉన్నది ఎనిమిదో హెన్రీ ఓడ. 1545 జూలై 19న రాజు ఒడ్డు నుంచి చూస్తుండగానే మునిగింది. దాదాపు 500 మందిలో బతికి బయటపడ్డవాళ్ళు 35 మంది కూడా లేరు. 1982 అక్టోబర్ 11న దాని సగం దేహాన్ని పైకి తీశారు. దానితోపాటు దొరికిన వేలాది వస్తువుల్లో పాచికలు, చెప్పులు, వైద్యుడి పెట్టె, ఒక కుక్క ఎముకల గూడు, పేల గుడ్లతో సహా దువ్వెనలు ఉన్నాయి. నాలుగున్నర శతాబ్దాలుగా చెక్కుచెదరని పేల గుడ్ల ముందు నిలబడి, కెమెరా సెట్టింగుల గురించి బాధపడే గుండె నిబ్బరం నెల్సన్‌కైనా ఉండేదో లేదో.

పక్కనే ఉన్న వారియర్‌ని మాత్రం అతను కొంచెం గౌరవించాలి. 1860లో దిగిన ఈ ఇనుప యుద్ధనౌకకు భయపడి దాని మీదికి ఎవరూ యుద్ధానికే రాలేదు. ఆ తర్వాత దాన్ని వేల్స్‌లోని పెంబ్రోక్ డాక్‌కి తీసుకెళ్ళి, చమురు నింపుకోవడానికి వచ్చే నౌకలు ఆనుకుని ఆగే తేలే గట్టుగా యాభై ఏళ్ళు వాడుకున్నారు. అంటే జీవితంలో దాదాపు మూడో వంతు పార్కింగ్ స్థలంగా గడిపిన ఓడన్నమాట. మనవాడి మనసు తెలిసిన ఓడ ఏదైనా ఉంటే అదే.

నాకు నిజంగా విచిత్రంగా తోచేది వేరే ఉంది. ఓడ బతుకంతా ఈ పెద్దమనిషి ప్రశ్నలే. నీళ్ళు ఎంత మోయాలి, ఎన్నాళ్ళకు పాడవుతాయి, వంట ఎక్కడ, పడక ఎక్కడ, అవసరం తీర్చుకునేది ఎక్కడ? పీపాల్లో నీళ్ళు కుళ్ళిపోతాయి గనకే నావికుడికి రోజుకో గాలన్ బీరు పోశారు. మామూలు నావికుల మరుగుదొడ్డి ఓడ ముక్కు దగ్గర, కింద సముద్రం కనిపించే రంధ్రాలున్న చెక్క పీట. వానొచ్చినా అక్కడే, అల కొట్టినా అక్కడే. తన ట్యాంకులో ఎన్ని లీటర్లు మిగిలాయో నిద్రలో లేపి అడిగినా చెప్పగలవాడికి ఇవన్నీ ఇట్టే అర్థం కావాలి. కానీ అతను ఆ పీటను దాటి, నెల్సన్ కూలిన చోట బిగించిన ఇత్తడి పలక దగ్గర సెల్ఫీకి నిలబడతాడు. 2022 నుంచి విక్టరీకి పెద్ద మరమ్మతు జరుగుతోంది. పుచ్చిన పలకలు, పురుగు తిన్న దుంగలు తీసి కొత్తవి వేస్తున్నారు. చెక్క ఓడ బతికేదే అలా. ఆ పని కళ్ళముందే జరుగుతుంటే మనవాడు పరంజా చూసి "కప్పెట్టిన ఓడకి పూర్తి టికెట్టా?" అని తగువు పెట్టుకుంటాడు.

ఇక స్వేచ్ఛ. ఈ మాట లేకుండా క్యాంపర్‌వాన్ అమ్మేవాడూ లేడు, కొనేవాడూ లేడు. రేవు గట్టున "రాత్రి బస నిషేధం" అని కౌన్సిల్ వాళ్ళు బోర్డు పెడితే మనవాడి రక్తం ఉడికిపోతుంది. పదకొండు గంటలకు ఎవరో అద్దం తట్టి బండి తీయమంటే, ఒకప్పుడు నౌకాదళానికి మనుషుల్ని బలవంతంగా పట్టుకుపోయిన ప్రెస్ గ్యాంగ్ వచ్చినట్టే లెక్క. అసలు ప్రెస్ గ్యాంగ్ వస్తే బండి తీయమనదు. బండి యజమానినే ఓడెక్కించుకుపోతుంది.

పోర్ట్స్‌మత్ ఎదుట నీళ్ళలోనే, స్పిట్‌హెడ్ దగ్గర, 1797 ఏప్రిల్‌లో నావికులు తిరగబడ్డారు. వాళ్ళ జీతం 1650ల తర్వాత పెరగలేదు. తిండి తూచే పౌనుకు 16 ఔన్సులుండాలి గానీ ఓడ సరుకుల అధికారి 14 ఔన్సులకే పౌను అనేవాడు. రేవులో ఉన్నప్పుడైనా తాజా కూరలు పెట్టమన్నారు, గాయపడ్డవాడికి జీతం ఆపొద్దన్నారు, ఒడ్డుకు వెళ్ళి ఇల్లు చూసొచ్చేందుకు సెలవిమ్మన్నారు. దిగితే పారిపోతారన్న భయంతో ఏళ్ళ తరబడి దిగనిచ్చేవాళ్ళు కారు మరి. ఒడ్డున ఒక్క రాత్రి పడుకోవడం కోసం వాళ్ళు మెడకు ఉరి తెచ్చుకోవడానికి సిద్ధపడిన చోటే, ఒడ్డున ఒక్క రాత్రి పడుకోవడమే నావికుడి కష్టమని మనవాడు ప్రచారం చేసుకుంటున్నాడు!

ఈ దళంలో మన తెలుగువాళ్ళు ఆలస్యంగా చేరినా వెనకబడలేదు. అద్దె బండి, అందులో రైస్ కుక్కర్, పచ్చడి సీసాలు, "పిల్లలకు బ్రిటిష్ చరిత్ర చూపిద్దామని" అనే ఒక ముక్క. హార్టిల్‌పూల్‌లో ట్రింకోమలీ ఎక్కి, దాని దుంగ మీద చెయ్యేసి ఫోటో దిగి, దొరల పనితనాన్ని మెచ్చుకుని దిగుతారు. ఆ ఓడను 1817లో బొంబాయిలో పార్సీ వాడియాలు మలబారు టేకుతో కట్టారు. యూరప్‌లో ఇప్పటికీ నీళ్ళ మీద తేలుతున్న యుద్ధనౌకల్లో అదే పాతది. కాకినాడ పక్క కోరంగిలోనూ ఒకప్పుడు ఓడలు కట్టారు, బాగుచేశారు. 1839 తుపాను ఆ రేవును చావుదెబ్బ కొట్టింది. ఇప్పుడు అక్కడికి వెళ్ళేవాళ్ళు మడ అడవిలో చెక్క వంతెన మీద నడిచి, బోటు షికారు చేసి వచ్చేస్తారు. విశాఖ బీచిలో కురుసుర జలాంతర్గామిలోకి వెళ్ళినవాళ్ళు పది నిమిషాల్లో బయటపడి "అబ్బ, ఉక్క!" అని విసురుకుంటారు. 1969 నుంచి 2001 దాకా డెబ్బై మందికి పైగా అందులోనే తిన్నారు, అందులోనే పడుకున్నారు.

అయినా ఇంత సరదా పడుతున్నవాళ్ళను నిరాశపరచడం నాకిష్టం లేదు. పాత రేవుల వాళ్ళు ఒక అసలైన రాత్రి బస పథకం పెట్టాలి. 14 అంగుళాల ఉయ్యాల, నాలుగు గంటల నిద్ర, పురుగులున్న బిస్కెట్లు, 14 ఔన్సుల పౌను, ముక్కు దగ్గర పీట. ఎక్కాక దిగడానికి లేదు. డబ్బు వాపసు కావాలంటే 1797లో లాగా తిరగబడాలి. అప్పుడు తేలడానికి నెల పట్టింది. స్పిట్‌హెడ్‌లో తిరగబడ్డవాళ్ళకు రాజుగారి క్షమాభిక్ష దొరికింది. అదే ఏడు చాతానికి దిగువన నోర్ దగ్గర తిరగబడితే నాయకుణ్ణి ఓడ మీదే ఉరితీశారు. అందుకని బుక్ చేసేముందు రేవు పేరు ఒకటికి రెండుసార్లు చూసుకోండి.