ఆడిటరు గారూ, ఆ కవరు విప్పకండి

నెల్లూరులో ఆడిటరుగా నిలబడాలంటే ఏళ్లకేళ్లు చదవాలి, ఆర్టికల్స్ చెయ్యాలి, ట్రంకు రోడ్డులోనో పొగతోటలోనో మేడ మీద గది వెతుక్కోవాలి. అంత కష్టపడి రిజిస్టర్లో ఎక్కించుకున్న పేరును తీయించుకోవడానికి మాత్రం కష్టమేమీ అక్కర్లేదు. దొంగ లెక్కల మీద సంతకం పెట్టక్కర్లేదు, బ్యాంకును ముంచక్కర్లేదు, క్లయింటు సొమ్ము ముట్టుకోనక్కర్లేదు. ఢిల్లీలోని చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్ క్రమశిక్షణ విభాగం నుంచి కవరు వచ్చినప్పుడు కుర్చీలోంచి కదలకపోతే చాలు.

చట్టం ఇందుకు అన్ని ఏర్పాట్లూ చేసిపెట్టింది. 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టంలో మొదటి షెడ్యూలు, మూడో భాగం, రెండో క్లాజు తీసి చూడండి. ఇన్‌స్టిట్యూట్ గానీ, దాని కమిటీలు గానీ, క్రమశిక్షణ డైరెక్టర్ గానీ అడిగిన సమాచారం ఇవ్వకపోవడమే ఒక తప్పు. అసలు ఫిర్యాదు నిజమా, అబద్ధమా అన్నది వేరే విచారణ. ఫిర్యాదు శుద్ధ అబద్ధమైనా సరే, మీరు పలక్కుండా కూర్చుంటే ఈ రెండో తప్పు మీ సొంత సంపాదన అవుతుంది. దాన్ని రుజువు చెయ్యడానికి సాక్షులు కూడా అక్కర్లేదు, తారీఖులు చాలు. ‘నేను ప్రాక్టీసు మానేసి కృష్ణపట్నంలో ఉద్యోగం చేసుకుంటున్నాను’ అన్నా పనికిరాదు. ఆ భాగం ప్రాక్టీసుతో నిమిత్తం లేకుండా సభ్యులందరికీ వర్తిస్తుంది.

ముందు కవరు సంగతి. పోస్టుమేను మెట్లెక్కి వస్తే ‘సార్ క్యాంపులో ఉండారు’ అని గుమాస్తా చేత చెప్పించండి. మళ్లీ వస్తే తలుపేయించండి. ఇంకోసారి వస్తే ‘మాకొద్దులే నాయనా, తీసుకుపో’ అని మీరే చెప్పండి. ఆయన కవరు మీద తాళం వేసి ఉందనో, తీసుకోలేదనో రాసి వెనక్కి పంపేస్తాడు. ఆ సాయంత్రం హాయిగా మైపాడు బీచికి వెళ్లి రండి. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలోని 27వ సెక్షను గురించి అక్కడ ఎవరూ మీకు గుర్తుచెయ్యరు. సరైన చిరునామా రాసి, స్టాంపులంటించి రిజిస్టరు పోస్టులో వేసిన ఉత్తరం, కాదని మీరు రుజువు చేసేదాకా, మీకు అందినట్టే లెక్క అంటుంది ఆ సెక్షను. తలుపు తాళం, ఊళ్లో లేరు, పుచ్చుకోలేదు లాంటి రాతలు నోటీసు పంపినవాడికి అడ్డం కావని 2007లో అలవి హాజీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది చెక్కు బౌన్సు కేసు. మన జిల్లాలో ఆ కేసులు చూడని ఆడిటరు ఉండడు కాబట్టి ఈ తీర్పు మీకు తెలిసే ఉంటుంది. ఇంకో శుభవార్త: 2025లో తపాలా శాఖ రిజిస్టరు పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసింది. మీరు తిప్పి కొట్టిన కవరు ఇకమీద మరింత వేగంగా ఢిల్లీ చేరుతుంది.

ఆఫీసు ట్రంకు రోడ్డు నుంచి మాగుంట లేఅవుటుకు మార్చారా? ఇన్‌స్టిట్యూట్‌కు తెలపకండి. కొత్త బోర్డుకూ, గృహప్రవేశం మాదిరి చేసిన పూజకూ ఖర్చయింది చాలదా, మళ్లీ వాళ్లకో ఫారం ఎందుకు? రిజిస్టర్లో ఉన్న పాత చిరునామాకే నోటీసు వెళ్తుంది. కింది కొట్టువాడు తీసుకుని బీరువా మీద పెడతాడు.

పొరపాటున ఎవరైనా కవరు విప్పితే లోపల ఉండేది ఇంతే. ఉదాహరణకి రామతీర్థం దగ్గర రొయ్యల చెరువుల మీద కలిసి పెట్టుబడి పెట్టి విడిపోయిన ముగ్గురు భాగస్వాముల్లో ఒకాయన, రెండో ఆయన చెప్పిన లెక్కకి మీరు సంతకం పెట్టారని ఫిర్యాదు చేసి ఉంటాడు. 2007 నాటి విచారణ నియమాల ప్రకారం మీరు 21 రోజుల్లో రాతపూర్వకంగా మీ వాదన పంపాలి. చాలకపోతే అడగండి, డైరెక్టర్ మరో 30 రోజుల దాకా ఇవ్వొచ్చు. అడగడానికి రెండు వాక్యాలు చాలు. అందుకే అడగకండి. రెండు వాక్యాలతో మొదలైతే మూడోది కూడా రాయాల్సి వస్తుంది.

గడువు గడిచాక ఏం చెప్పుకోవాలన్నది ముఖ్యం. తుఫాను మనకి ఎప్పుడూ అందుబాటులో ఉండే సాకు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి, ఉత్తరం ఎంత? ఆ నెలలో అయితే ఎవరైనా నమ్ముతారు, నమ్మాలి కూడా. వేసవిలో వచ్చిన నోటీసుకు కూడా అదే వరదను చూపించడంలోనే మీ ప్రతిభ తెలుస్తుంది.

రాజ్యాంగం తెలిసిన ఆడిటర్లు 20(3) అధికరణం ఎత్తుకుంటారు: తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని ఎవర్నీ బలవంతపెట్టకూడదు కదా అని. అది నేరారోపణ ఎదుర్కొంటున్నవాడికి ఇచ్చిన రక్షణ, లైసెన్సు ఇచ్చిన సంస్థ అడిగిన ప్రశ్నకు కాదు. పైగా ‘ఈ ఆరోపణ నేను ఒప్పుకోను, కాగితాలు జతచేశాను’ అని రాసినా అది జవాబే. తప్పు ఒప్పుకోమని ఎవరూ అడగలేదు.

అన్నిటికంటే నెల్లూరు వారికి ఇష్టమైన దారి రాజీ. ఫిర్యాదు చేసినాయన్ని పెద్దమనుషుల ముందు కూర్చోబెట్టి, కాఫీ తాగించి, ‘అయిందేదో అయింది అన్నా’ అనిపించి, ఉపసంహరణ కాగితం రాయించేసి ఇక నోటీసు చిత్తుబుట్టలో వెయ్యడం. చక్కటి పద్ధతి, ఒక్క 21వ సెక్షను ఐదో ఉపసెక్షను తప్ప. ఫిర్యాదు వెనక్కి తీసుకోవడానికి అనుమతించాలా వద్దా అన్నది బోర్డో కమిటీయో నిర్ణయిస్తుంది. ఫిర్యాదుదారుడు మీకు అన్న అయినా, తమ్ముడు అయినా వాళ్లకు పట్టదు. ఇక మిగిలింది బారాషహీద్ దర్గా. రొట్టెల పండగనాడు స్వర్ణాల చెరువులో ఉద్యోగానికీ, పెళ్లికీ, సంతానానికీ, విదేశీ ప్రయాణానికీ రొట్టెలు మార్చుకుంటారు. నోటీసు రొట్టె పట్టుకున్నవారు నాకైతే ఇంతవరకు కనపడలేదు.

ఇందులో నాకు అర్థంకానిది ఒకటుంది. ఈ తీరంలో ఇంగ్లీషులో ఏ ఉత్తరం వచ్చినా ముందు చేరేది ఆడిటరు బల్ల మీదికే. హేచరీ ఆయనకి చెన్నై నుంచి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నోటీసు వస్తే, అది తన ఆడిటరు శాఖ కాకపోయినా, ‘సార్, ఇదేందో చూడండి’ అని తెచ్చి పెడతాడు. 1996లో జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు రొయ్యల చెరువుల మీద తీర్పిచ్చాక, 2005లో చట్టం వచ్చాక, రిజిస్ట్రేషను ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి అన్న సంగతి ఆయనకి గుర్తుచేసేది మీరే. 2023 సవరణలో జైలుశిక్ష తీసేసి జరిమానాలు పెట్టారు, భయపడొద్దు, కానీ జవాబు మాత్రం వెంటనే పంపు అని ధైర్యం చెప్పేదీ మీరే. ఇసకపల్లి రైతుకు జీఎస్టీ నోటీసు వస్తే ముప్పై రోజుల గడువు దాటకుండా అర్ధరాత్రి కూర్చుని జవాబు పెడతారు. ఊరందరి ఉత్తరాలకీ జవాబు రాసే మనిషి తన పేరున వచ్చినదాన్ని మాత్రం సొరుగులో వేస్తాడు.

అక్కడితో ఆగదు. ఆడిట్ అంటేనే సగం ఉత్తరాలు రాసి జవాబులు రప్పించడం. బ్యాంకులకు, బాకీదారులకు ధ్రువీకరణ ఉత్తరాలు పంపాలని, జవాబు రాకపోతే ఊరుకోకుండా వేరే దారిలో నిజం తేల్చుకోవాలని ఎస్‌ఏ 505 ప్రమాణం చెబుతుంది. జవాబు రాని ఉత్తరాన్ని అనుమానంతో చూడ్డం మీకు వృత్తి నేర్పిన మొదటి అలవాటు. సత్యం కంపెనీలో బ్యాంకు నిల్వల ధ్రువీకరణ ఉత్తరాల మీద అదుపు వదిలేశారనే అమెరికాలో ఎస్‌ఈసీ 2011 ఏప్రిల్‌లో ఆడిట్ సంస్థల మీద 60 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ఆర్టికల్స్ పిల్లలకు ఈ పాఠం చెప్పి, వెనక్కి తిరిగి మీ సొరుగుకు తాళం వెయ్యండి.

శిక్ష సంగతి కూడా తెలుసుకోవాలి, శ్రమకు ఫలితం ఉండాలి కదా. 2006 సవరణలో పెట్టిన 21ఎ సెక్షను ప్రకారం క్రమశిక్షణ బోర్డు మందలించవచ్చు, మూడు నెలల దాకా పేరు తీసెయ్యొచ్చు, లక్ష రూపాయల దాకా జరిమానా వెయ్యొచ్చు. 2022లో పార్లమెంటు ఈ అధ్యాయాన్ని మళ్లీ సవరించింది, మెత్తబరచడానికి మాత్రం కాదు. మూడు నెలలేగా అనుకుంటారేమో. ఆ మూడు నెలల్లో సెప్టెంబరు పడేట్టు చూసుకోండి. టాక్స్ ఆడిట్ రిపోర్టులకు సెప్టెంబరు 30 గడువు. 2019 జులై నుంచి ప్రతి ఆడిట్ రిపోర్టుకూ అక్షరాలూ అంకెలూ కలిపి పద్దెనిమిది ఉండే యూడిన్ అనే గుర్తింపు సంఖ్య ఉండాలి, రిజిస్టర్లో పేరు లేనివాడు దాన్ని పుట్టించలేడు. మేత కొట్టుకు బాకీ, బ్యాంకులో ఓడీ రెన్యువలు, రెండిటి మధ్యా నలిగే చెరువు రైతు ఫైలు చంకన పెట్టుకుని వస్తాడు. పై అంతస్తు ఆడిటరు గారి దగ్గరకి మీరే దారి చూపించాలి.

అడిగితే జవాబివ్వాల్సిన బాధ్యత ఆడిటర్ల సొత్తు మాత్రమే కాదు. రోగి తన రికార్డు అడిగితే డాక్టరు 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి నైతిక నియమాలు అంటాయి. మెడికల్ షాపు లైసెన్సును సస్పెండ్ చేసేముందు సంజాయిషీ అడగాలని డ్రగ్స్ రూల్స్ 66 అంటుంది, చెప్పనివాడికి అది ఉన్నా లేనట్టే. అమెరికాలో స్థిరపడిన మన ప్లీడర్లకు అక్కడి బార్ నమూనా నియమం 8.1 కూడా ఇదే పాఠం చెబుతుంది.

ఒకటి మాత్రం న్యాయంగా ఒప్పుకోవాలి. మీకు 21 రోజులిచ్చినవాళ్లు మీ కేసును ఏళ్లకేళ్లు నానబెట్టగలరు. ఆ కోపం సబబే. కాకపోతే వాళ్ల ఆలస్యానికి శిక్ష రాసిన క్లాజు షెడ్యూల్లో లేదు, మీ మౌనానికి రాసినది ఉంది.

ఇంత చేసినా బోర్డు ఉత్తర్వు వచ్చేస్తే అప్పీలు ఉంది. 22జి సెక్షను కింద తొంభై రోజుల్లో వేసుకోవచ్చు. ఇరవయ్యొక్క రోజుల్లో రెండు పేజీలు రాయలేకపోయిన మీరు అప్పుడు ప్లీడరును పెట్టుకుని, తారీఖుల వారీగా, అనుబంధాలతో, ప్రతి పేజీ కిందా సంతకం పెట్టి, ఎందుకు రాయలేకపోయారో ఓ అరవై పేజీలు రాస్తారు.