శునకాన్న సూత్రం: టీకా తాత్పర్య సహితం

అవతారిక. తెలుగింటి ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతపు బిళ్ల కింద నిలిచే గ్రంథాలకు కర్త పేరు గాని, రచనాకాలం గాని ఉండవు. గ్యాస్ బుక్ చేసిన తేదీకి, పాల లెక్కకు నడుమ ఇరుక్కొని, నూనె మరకలతో శిథిలమైనా అవి ఆ ఇంటికి శాసనాలుగానే చెల్లుతాయి. ఇక్కడ వ్యాఖ్యానానికి తీసుకొన్న సూత్రం ఆ కోవలోనిదే. ఇంట్లో వండినదే కుక్కకూ పెట్టే కుటుంబంలో, గరిటె చేతులు మారినప్పుడల్లా తలెత్తే సందేహాలను తీర్చడానికి ఇది పుట్టిందని శైలిని బట్టి ఊహించవచ్చు.

మూలం. "కుక్క అన్నంలో ఉల్లి, వెల్లుల్లి వద్దు. పసుపు చిటికెడు. పోపుకు ముందే తీయాలి."

ప్రతిపదార్థం. ఉల్లి = పచ్చిది, వేయించినది, ఉడికినది, ఎండబెట్టి పొడి చేసినది అనే నాలుగు అవస్థలలోని ఉల్లిపాయ; వెల్లుల్లి = రెబ్బ గాని, అల్లంతో కలిపి నూరిన ముద్ద గాని; వద్దు = "కొంచెమైతే" అనే బేరానికి తావివ్వని నిషేధం; పసుపు చిటికెడు = రెండు వేళ్ల కొసలకు అందినంత పసుపు; పోపుకు ముందే = నూనెలో ఆవాలు చిటపటలాడక మునుపే; తీయాలి = వేరే గిన్నెలోకి తీసి ఉంచవలెను.

అన్వయం. "తీయాలి" అన్న క్రియకు కర్మ కనబడదు. అందుచేత కొందరు "కుక్కను" అని అధ్యాహారం చేసి, అనగా వాక్యంలో లేని మాటను అర్థం కుదరడానికి తెచ్చుకొని, పోపు వేసే ముందు కుక్కను వంటింట్లోంచి వెళ్లగొట్టాలని చెబుతారు. ఎండుమిరప ఘాటుకు మనుషులే దగ్గుతారు గనుక ఆ ఆచారం మెచ్చదగినదే గాని, మొదటి రెండు వాక్యాలూ అన్నాన్ని గురించినవైనప్పుడు మూడోది హఠాత్తుగా కుక్కను పట్టుకోవడం ప్రకరణ విరుద్ధం. "కుక్క వంతును" అన్నదే సరైన అధ్యాహారం.

తాత్పర్యం. ఇంటిల్లిపాది కూరనే నీళ్లతో కడిగి కుక్కకు పెట్టడం పరిష్కారం కాదనీ, మసాలా పడక ముందే దాని వంతు వేరు చేయాలనీ సూత్రకర్త భావం.

టీక. ఉల్లికి ఇంతటి కఠిన నిషేధం ఎందుకంటే, దానిలోని గంధక సమ్మేళనాలు కుక్క రక్తంలోని ఎర్రకణాలను ఆక్సీకరణానికి గురిచేసి, హిమోగ్లోబిన్‌ను ముద్దలుగా కణం గోడకు అంటిస్తాయి. హైంజ్ కణికలు అనే ఈ ముద్దలు చేరిన ఎర్రకణాలను శరీరం తానే నాశనం చేసుకోగా రక్తహీనత వస్తుంది. వండినంత మాత్రాన ఈ విషగుణం పోదు. ఎండబెట్టి పొడి చేస్తే నీరు పోయి, అదే బరువులో మరింత చిక్కబడుతుంది. శరీర బరువులో 0.5 శాతానికి మించి ఒక్కసారిగా తిన్న జంతువులలో విషలక్షణాలు స్థిరంగా కనబడతాయని పశువైద్య గ్రంథాలు చెబుతాయి. అంటే 10 కిలోల కుక్కకు 50 గ్రాములు, ఒక మోస్తరు ఉల్లిపాయలో సగం. రోజూ కొద్దికొద్దిగా తిన్నా హాని పోగుపడవచ్చు. జపాన్ జాతులైన అకితా, షిబా మరింత సున్నితమైనవి. చిగుళ్లు పాలిపోవడం, నీరసం, మూత్రం ముదురు గోధుమ రంగుకు తిరగడం వంటి గుర్తులు తిన్న కొన్ని రోజులకు గాని బయటపడకపోవచ్చు గనుక, "నిన్న తిన్నది, ఇవాళ బాగానే ఉంది" అన్నది ప్రమాణం కాజాలదు. తిన్నట్టు తెలిసిన వెంటనే పశువైద్యునికి చెప్పవలెను. ఉప్పునీళ్లు తాగించి కక్కించే ఇంటివైద్యం మాత్రం కూడదు. రక్తంలో సోడియం పెరిగి అదే ప్రాణాంతకం కావచ్చు.

ఇక వెల్లుల్లి విషయంలో పూర్వపక్షం, అనగా ఖండించడానికి ముందుగా వినిపించే ఎదుటివారి వాదం, బలమైనదే. వెల్లుల్లి పెడితే గోమార్లు, పిడుదులు దరిచేరవనీ, 2000లో వెలువడిన ఒక జపాన్ పరిశోధనలో కిలో బరువుకు 5 గ్రాముల వెల్లుల్లికి సమానమైన సారాన్ని ఏడు రోజులు ఇచ్చినా కుక్కలకు రక్తహీనత వ్యాధి రాలేదనీ వారంటారు. వ్యాధి ముదరలేదన్నది నిజమే గాని, ఆ పరిశోధనలోనే ఎర్రకణాల సంఖ్య తగ్గింది, వాటి ఆకారం చెడింది, కుక్కలకు వెల్లుల్లి పెట్టవద్దన్నదే పరిశోధకుల నిర్ణయం. ప్రతివాది సగం చదివి పుస్తకం మూసినట్టు తోస్తుంది. గోమార్లు పోతాయనడానికి సరైన రుజువు లేదు. కాబట్టి నిషేధమే సిద్ధాంతం.

పసుపు చిటికెడు అన్నచోట చిటికె ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. పెద్ద వంటలకు అలవాటుపడిన చేతి చిటికెకూ, పిల్లల చిటికెకూ చాలా అంతరం ఉంది; కుక్క పరిమాణాన్ని బట్టి చేయి ఎంచుకోవడం ఉత్తమం. పసుపులోని కర్క్యుమిన్ పేగులలో బహుస్వల్పంగానే ఇంకుతుంది గనుక అంత కొద్ది పసుపు ఔషధమూ కాదు, విషమూ కాదు, రంగు మాత్రమే. కుక్క నొప్పి మందులో, రక్తం గడ్డకట్టకుండా ఆపే మందులో వాడుతూ ఉంటే ఆ రంగు కూడా వైద్యుని అనుమతితోనే. సూత్రం చెప్పని కొత్తిమీర కొద్దిగా పెట్టవచ్చు. అల్లం కడుపు తిప్పుడుకు ఉపయోగపడుతుంది గాని, గోరంతే.

పోపు అన్నది ఉపలక్షణం. ఒకదాన్ని పేర్కొని దానిలాంటి వాటన్నిటినీ సూచించడం ఉపలక్షణం. పెరుగును కాకుల బారి నుంచి కాపాడమన్నప్పుడు కుక్కలకు వదిలేయమని అర్థం కాదన్నది దీనికి శాస్త్రకారులు చెప్పే ప్రసిద్ధ ఉదాహరణ. అలాగే ఇక్కడ పోపు అంటే మిరప, ఇంగువ, ఉప్పు, గరం మసాలాలోని జాజికాయ కూడా. కుక్క నాలుకపై రుచిమొగ్గలు సుమారు 1,700 మాత్రమే, మనిషికి 9,000 వరకు ఉంటాయి గనుక దానికి కారం తెలియదనే వాదం చెల్లదు. కారం రుచి కాదు, మంట. ఆ మంటను తెలిపే నాడీగ్రాహకం కుక్కకూ ఉంది. చిలుకలోని ఆ గ్రాహకం మిరప మంటకు మూలమైన క్యాప్సైసిన్‌కు స్పందించదు, అందుకే చిలుక పండుమిరపకాయను నిశ్చింతగా కొరుకుతుంది. చింతపండునూ ఈ ఉపలక్షణంలోనే చేర్చవలెను. ద్రాక్ష తిన్న కుక్కల మూత్రపిండాలు దెబ్బతినడానికి కారణం టార్టారిక్ ఆమ్లమని పశువైద్యులు ఇటీవల భావిస్తున్నారు. ఆ ఆమ్లమే మెండుగా ఉన్న చింతపండు తిన్న కుక్కలలోనూ అదే హాని కనబడినట్టు 2022లో నివేదించారు. కాబట్టి పోపుకు ముందే తీసినా, అప్పటికే పులుసు పిండిన పప్పుచారు నిషిద్ధం. ఉప్పు, పులుపు పడని ముద్దపప్పు గ్రాహ్యం. ఆవకాయ గురించి సూత్రకర్త ప్రత్యేకంగా చెప్పకపోవడం మరుపు కాదు: ఉప్పు, కారం, ఆవపిండి, నూనె, చాలా ఇళ్లలో వెల్లుల్లి, ఇన్నీ ఒకే జాడీలో ఉన్నప్పుడు వేరే వాక్యం అనవసరం.

ప్రక్షిప్తం. కాగితం అడుగున పెన్సిలుతో, వేరొక చేతి రాతలో, "పెరుగన్నం అయితే ఫరవాలేదు" అని ఉంది. ఇది తరువాత చేర్చినదని లిపి చెబుతున్నా, పాలు పడే కుక్క విషయంలో కొద్ది పెరుగుతో కలిపిన చప్పిడి అన్నం హానికరం కాదు గనుక అంగీకరించదగినదే. గుడి ప్రసాదంగానో, పెళ్లి విందులోనో వచ్చే దద్దోజనానికి మాత్రం ఈ వాక్యం వర్తించదు. దానిలో పోపు, ఇంగువ, పచ్చిమిరప ఉండడమే కాక, పైన తరచుగా ద్రాక్షపళ్లో, కిస్‌మిస్‌లో చల్లుతారు.